ఐడీ ఎవరి మెయిల్ మీద ఉంది? ఆట ఖాతాల చోరీ జరిగే తీరు, ఆపే మార్గం

పబ్‌జీ మొబైల్‌ను కేంద్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించిన తరువాత, దాని స్థానంలో 2021 జూలైలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ నిషేధానికి గురైనప్పుడు దాని జోడు ఆట ఫ్రీ ఫైర్ మాక్స్ మిగిలింది. బీజీఎంఐ కూడా 2022 జూలైలో యాప్ స్టోర్ల నుంచి తొలగిపోయి 2023 మే నెలలో తిరిగి అందుబాటులోకి వచ్చింది. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో హైస్కూలు పిల్లల నుంచి ఇంజినీరింగ్ విద్యార్థుల వరకు ఫోన్‌లో ఆడేవాటిలో ఈ రెండు ఆటలది పెద్ద స్థానం. నిషేధం పడటం, ఆట మాయం కావడం, మళ్లీ రావడం అనే ఈ క్రమంలో రెండు అలవాట్లు స్థిరపడ్డాయి. మొదటిది, ఆటను ప్లే స్టోర్ నుంచి కాకుండా స్నేహితుల గ్రూపులో ఎవరో పెట్టిన ఏపీకే ఫైలు (యాప్‌ను నేరుగా ఫోన్‌లోకి ఎక్కించే ఫైలు) నుంచి ఎక్కించుకోవడం. రెండోది, పాత ఐడీ (ఆట ఖాతా)లోని వస్తువులను కొత్త ఆటలోకి తెచ్చిపెడతామన్న పేజీలో అడిగిన వివరాలన్నీ నింపేయడం. పబ్‌జీ నుంచి బీజీఎంఐకి డేటా బదిలీ చేసుకునే సదుపాయాన్ని 2021లో కంపెనీయే అధికారికంగా ఇచ్చినందువల్ల, అలాంటి పేజీ ఏది కనిపించినా నిజమేనేమో అనిపించడం సహజం. పిల్లల అత్యాశ ఒక్కటే ఈ చోరీలకు కారణమని తేల్చేయడం అందుకే అన్యాయం.

పోయేదేమిటో ముందు స్పష్టం కావాలి. బీజీఎంఐలో యూసీ, ఫ్రీ ఫైర్‌లో డైమండ్లు అనే ఆట నాణేలు డబ్బు పెట్టి కొనేవే. గ్లేసియర్ ఎం416 వంటి తుపాకి స్కిన్ (తుపాకి రూపాన్ని మార్చే అలంకరణ) ఉన్న ఐడీకి ఎంత గిరాకీ ఉందో ఆడేవారందరికీ తెలుసు. సంక్రాంతికి తాతయ్యలు, మేనమామలు చేతిలో పెట్టిన డబ్బు, కువైట్ నుంచి తండ్రి పంపినదాంట్లో తల్లి విడిగా తీసి ఇచ్చిన రెండు మూడు వందలు కొన్నేళ్లపాటు యూసీగా మారి ఒకే ఐడీలో చేరి ఉంటాయి. దానికితోడు ర్యాంకు, క్లాన్ (ఆటగాళ్ల జట్టు)లో స్థానం, టోర్నమెంట్లలో కలిసి ఆడిన స్నేహాలు ఉంటాయి. ‘ఆటే కదా, పోతే పోయింది’ అనే పెద్దలు ఆ డబ్బు తమ ఇంటిదేనన్న సంగతిని గమనించరు. ఐడీని కొట్టేసిన దారి ఇంటి మెయిల్ గుండా, ఒక్కోసారి ఇంటి బ్యాంకు ఖాతా దాకా పోతుందన్న సంగతి అంతకంటే ముఖ్యమైనది; అదీ వారి దృష్టికి రాదు.

ఐడీ కింద ఏముంది

బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మాక్స్ వంటి ఆటల్లో ఆటగాడు ఫేస్‌బుక్‌తోనో, గూగుల్‌తోనో, ఎక్స్‌తోనో, యాపిల్ ఖాతాతోనో లోపలికి వెళ్తాడు. అంటే ఆట ఐడీ ఆ ఖాతా మీద నిలబడి ఉంటుంది. ఫేస్‌బుక్ ఖాతా ఒక మెయిల్ మీదో ఫోన్ నెంబరు మీదో నిలబడి ఉంటుంది. మెయిల్ పాస్‌వర్డ్ మరిచిపోతే దాన్ని తిరిగి తెచ్చిపెట్టేది రికవరీ నెంబరు. చివరికి అన్నిటికీ అడుగున ఉండేది ఒక సిమ్ కార్డు. ధవళేశ్వరం దగ్గర కాలువ తలుపులు ఎవరి చేతిలో ఉంటే శివారు పొలానికి నీరు వారు వదిలినప్పుడే అందినట్టు, మెయిల్ ఎవరి చేతిలో ఉంటే ఆట ఐడీ చివరికి వారి మాటే వింటుంది. ఏ ఖాతాతోనూ ముడిపెట్టకుండా గెస్ట్ ఖాతాగా ఆడేవారి పరిస్థితి ఇంకా బలహీనం. వారి ఐడీ ఆ ఫోన్‌కే కట్టుబడి ఉంటుంది కాబట్టి, ఫోన్ పాడైనా, యాప్ డేటా చెరిగిపోయినా ఎవరూ దొంగిలించకుండానే అది పోతుంది.

ఈ వరుసను పైనుంచి కింది దాకా ఒకసారి కాగితం మీద రాసి చూస్తే చాలా ఇళ్లలో ఒకటే లోపం బయటపడుతుంది. కొత్త ఫోన్ కొన్నరోజున మొబైల్ షాపులోని కుర్రాడే ఇంటి పెద్ద పేరున జీమెయిల్ తెరిచి, పేరు పక్కన 123 చేర్చి పాస్‌వర్డ్ పెట్టి, ప్లే స్టోర్ పనిచేసేలా చేసి చేతికిస్తాడు. ఆ పాస్‌వర్డ్ ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. రికవరీ నెంబరుగా ఏది ఇచ్చారో అసలే తెలియదు. అదే మెయిల్‌తో పిల్లవాడు ఆటలోకి వెళ్తాడు, అదే మెయిల్‌కు ప్లే స్టోర్ కొనుగోళ్ల రసీదులు వస్తాయి. షాపు కుర్రాడు మంచివాడే కావచ్చు, మర్నాటికల్లా అన్నీ మరిచిపోయి ఉండవచ్చు. అయినా ఏదైనా జరిగిన రోజున ఆ మెయిల్ తమదేనని నిరూపించుకోవడానికి ఇంటివారి దగ్గర ఏమీ ఉండదు.

గల్ఫ్‌కు వెళ్లినవారి ఇళ్లలో మరొక చిక్కు ఉంది. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి కువైట్‌కూ దుబాయ్‌కూ ఖతార్‌కూ వెళ్లినవారు ఎందరో. బీజీఎంఐ 2021లో విడుదలైనప్పుడే 18 ఏళ్లలోపువారు తల్లిదండ్రుల ఫోన్ నెంబరు ఇవ్వాలని నిబంధన పెట్టింది. ఇంట్లో ఆటకైనా, మెయిల్‌కైనా, ఫేస్‌బుక్‌కైనా సాధారణంగా ఇచ్చేది తండ్రి నెంబరే. ఆయన విదేశంలో స్థిరపడ్డాక ఇక్కడి సిమ్‌కు రీఛార్జ్ ఆగిపోతుంది, కొంతకాలానికి నెంబరు రద్దవుతుంది. రద్దయిన నెంబరును 90 రోజుల పాటు ఎవరికీ కేటాయించరనీ, ఆ గడువు దాటాక కొత్త వినియోగదారుకు ఇవ్వవచ్చనీ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. కాబట్టి ఆ నెంబరు ఏ ఊళ్లోనో మరొకరి ఫోన్‌లో మోగుతుండగా, ఇంటి మెయిల్‌కూ ఫేస్‌బుక్‌కూ రికవరీ నెంబరుగా అదే కొనసాగుతుంది. కొత్త వ్యక్తి ‘పాస్‌వర్డ్ మరిచిపోయాను’ అన్న మీట నొక్కితే ఓటీపీ ఆయనకే వెళ్తుంది. ఇందులో ఎవరూ ఎవరినీ మోసగించనవసరం లేదు.

అందువల్ల ఐడీని కాపాడుకునే పని ఆటలో మొదలు కాదు, గూగుల్ ఖాతా సెట్టింగుల్లో మొదలవుతుంది. సెక్యూరిటీ విభాగంలో రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ ఏవి ఉన్నాయో చూసి, ఇప్పుడు ఇంట్లో నిజంగా వాడుకలో ఉన్న నెంబరును అక్కడ పెట్టాలి. ‘మీ పరికరాలు’ అన్న జాబితాలో అమ్మేసిన పాత ఫోన్లు, నెట్ సెంటర్ కంప్యూటర్లు కనిపిస్తే తొలగించాలి. పాస్‌వర్డ్‌తోపాటు మరో ఆధారం కూడా అడిగే రెండంచెల ధృవీకరణను ఆన్ చేసినప్పుడు గూగుల్ ఎనిమిదేసి అంకెల బ్యాకప్ కోడ్‌లు 10 ఇస్తుంది. ఫోన్ పోయినరోజున ఖాతాలోకి వెళ్లేందుకు అవే ఆధారం కాబట్టి, వాటి స్క్రీన్‌షాట్‌ను అదే ఫోన్‌లో దాచుకోవడంలో అర్థం లేదు. కాగితం మీద రాసి పట్టాదారు పాసు పుస్తకం, రేషన్ కార్డు ఉండే చోటే ఉంచడం మేలు. తరువాత ఫేస్‌బుక్‌లోనూ ఇదే పని చేయాలి. ఆటలోని లింకింగ్ పేజీని తెరిచి, తెలియని ఖాతా ఏదైనా ఐడీకి జతపడి ఉందేమో చూడటం చివరి మెట్టు. ఒకసారి లోపలికి వచ్చిన దొంగ తన ఖాతాను అక్కడ జోడించిపెట్టుకుంటే, పాస్‌వర్డ్ మార్చినా అతడి దారి తెరిచే ఉంటుంది.

నకిలీ లాగిన్ పేజీ

పండగ రోజుల్లో క్లాన్ గ్రూపులో ఇలాంటి సందేశం రావడం ఊహించుకోవచ్చు: ‘సంక్రాంతి స్పెషల్. మొదటి 500 మందికి 660 యూసీ ఫ్రీ. రాత్రి 12 వరకే. నాకు వచ్చింది బ్రో, చూడు.’ కింద ఒక లింకు, దానితోపాటు యూసీ జమయినట్టు ఒక స్క్రీన్‌షాట్. ఇందులో ప్రతి ముక్కకూ ఒక పని ఉంది. పండగ పేరు అనుమానాన్ని తగ్గిస్తుంది, గడువు ఆలోచించే వ్యవధిని తీసేస్తుంది, స్క్రీన్‌షాట్ సాక్ష్యంలా కనిపిస్తుంది. అన్నిటికంటే బలమైనది పంపినవారి పేరు. రోజూ కలిసి ఆడే స్నేహితుడి ఖాతా నుంచే ఆ సందేశం వచ్చి ఉండవచ్చు. అయితే ఆ ఖాతా అప్పటికే దొంగ చేతిలో పడి ఉంటే, స్నేహితుడి పేరు ఏ హామీనీ ఇవ్వదు. ఇలాంటప్పుడు చేయదగినది ఒకటే. గ్రూపులో అడగకుండా ఆ స్నేహితుడికి ఫోన్ చేసి అతడి గొంతు వినాలి.

లింకు తెరిస్తే ఆట బొమ్మలతో, తుపాకి స్కిన్‌లతో కూడిన పేజీ వస్తుంది. కావలసిన బహుమతిని నొక్కగానే ‘ఫేస్‌బుక్‌తో లాగిన్ కండి’ అన్న మీట, దాన్ని నొక్కగానే మెయిల్, పాస్‌వర్డ్ అడిగే నీలం పేజీ కనిపిస్తాయి. ఇక్కడ అసలు పద్ధతి ఎలా ఉంటుందో తెలిస్తే నకిలీ దానంతటదే బయటపడుతుంది. ఫోన్‌లో ఫేస్‌బుక్ యాప్ ముందే లాగిన్ అయి ఉన్నప్పుడు, నిజమైన ఆట ఆ యాప్‌ను తెరిచి, ఆటగాడి పేరూ ఫొటో చూపించి, ఆ పేరుతో కొనసాగాలా అని మాత్రమే అడుగుతుంది. సాధారణంగా పాస్‌వర్డ్ కొట్టే అవసరమే రాదు. కాబట్టి ముందే లాగిన్ అయి ఉన్న ఫోన్‌లో ఏ పేజీ అయినా ఫేస్‌బుక్ పాస్‌వర్డ్‌ను మొదటి నుంచి అడిగిందంటే ఆగిపోవడానికి అదొక్కటే చాలు. పాస్‌వర్డ్‌ను బ్రౌజరులోనో పాస్‌వర్డ్ మేనేజరులోనో భద్రపరచుకున్నవారికి మరొక ఆధారం దొరుకుతుంది. అది చిరునామాను అక్షరం అక్షరం పోల్చుకుని, సరిపోయినచోటనే పాస్‌వర్డ్‌ను నింపుతుంది. మనిషి కన్ను రంగును చూసి మోసపోయినచోట అది మౌనంగా ఉండిపోతుంది. ఎప్పుడూ నింపే పాస్‌వర్డ్‌ను ఈసారి ఎందుకు నింపలేదన్న సందేహం వచ్చినప్పుడు, దాన్ని చేత్తో టైపు చేసి ముందుకు పోవడమే అసలు పొరపాటు.

చిరునామా చదవడం అందరూ నేర్చుకోదగిన విద్య. ఫ్రీ ఫైర్ రీడీమ్ కోడ్‌ల (బహుమతి కోడ్‌ల) అధికారిక పేజీ చిరునామా ‘రివార్డ్ డాట్ ఎఫ్ఎఫ్ డాట్ గరీనా డాట్ కామ్’. దొంగ చిరునామాలో కూడా ఈ మాటలన్నీ కనిపించవచ్చు. తేడా అవి ఉన్న చోటులో ఉంటుంది. మొదట్లో ‘హెచ్‌టీటీపీఎస్’ పక్కనుండే జంట గీతలను వదిలేసి, ఆపైన మొదటి ఏటవాలు గీత (/) వచ్చేదాకా చదివి, ఆ గీతకు సరిగ్గా ముందున్న చివరి రెండు ముక్కలను పట్టుకోవాలి. అవి ‘గరీనా డాట్ కామ్’ అయితే పేజీ ఆ సంస్థది. ‘గరీనా డాట్ కామ్’ అన్నది మధ్యలో ఎక్కడో ఉండి, చివర ‘ఈవెంట్ డాట్ ఎక్స్‌వైజడ్’ లాంటిది ఉంటే, ఆ పేజీ దాన్ని రిజిస్టర్ చేసుకున్న అనామకుడిది. చిరునామా పక్కన తాళం గుర్తు ఉంది కదా అన్న వాదన నిలవదు. ఫోన్‌కూ ఆ సైటుకూ మధ్య సమాచారం గుప్తంగా వెళ్తోందని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది, సైటు ఎవరిదో చెప్పదు. దొంగలు కూడా ఆ తాళాన్ని ఉచితంగా తెచ్చుకోగలరు.

కంప్యూటరు మీద ఆడేవారిని మరింత నేర్పుగా మోసగించే పద్ధతి ఒకటి 2022 నుంచి విస్తృతంగా చర్చకు వచ్చింది. పేజీ లోపలే మరో బ్రౌజరు కిటికీ బొమ్మను గీసి, దాని మీద సరైన చిరునామాను కూడా అక్షరాలుగా రాసిపెడతారు. చూడటానికి లాగిన్ కిటికీ విడిగా తెరుచుకున్నట్టే ఉంటుంది, చిరునామా సరిగ్గానే ఉంటుంది. ఆ కిటికీని మౌస్‌తో పట్టుకుని అసలు బ్రౌజరు అంచు దాటించి బయటికి లాగితే నిజం తెలుస్తుంది: నిజమైనదైతే బయటికి వస్తుంది, గీసిన బొమ్మ అయితే అంచు దగ్గరే ఆగిపోతుంది. ఫోన్‌లో ఈ పరీక్ష కుదరదు. అక్కడ పేజీని పూర్తిగా మూసేసి, ఆటను నేరుగా తెరిచి, ఆ బహుమతి నిజంగా ఆట లోపల ఈవెంట్ల విభాగంలో ఉందా అని చూడటమే ఉపాయం.

ఓటీపీ ఉంది కాబట్టి భయం లేదన్న నమ్మకాన్ని కూడా కొంత సవరించుకోవాలి. ఈనాటి నకిలీ పేజీల్లో కొన్ని పాస్‌వర్డ్‌ను తీసుకున్న క్షణమే అసలు సైటులో దాన్ని వాడతాయి. అసలు సైటు ఓటీపీ పంపుతుంది, నకిలీ పేజీ ‘ఓటీపీ నమోదు చేయండి’ అంటుంది, ఆటగాడు కొట్టిన అంకెలు నేరుగా దొంగకు చేరతాయి. 30 సెకన్లకొకసారి మారే ఆథెంటికేటర్ యాప్ కోడ్ సిమ్ పోయినా పనికొస్తుంది కాబట్టి ఎస్ఎంఎస్ కంటే నయమే. అయినా దాన్ని కూడా నకిలీ పేజీలో కొడితే ఫలితం అంతే. ఈ వలకు చిక్కనిది పాస్‌కీ. 2023 నుంచి గూగుల్ ఖాతాలకు అందుబాటులో ఉన్న ఈ పద్ధతిలో వేలిముద్రతోనో స్క్రీన్ లాక్‌తోనో లోపలికి వెళ్తారు. ఫోన్‌లో దాగిన తాళంచెవి అసలు చిరునామాకు తప్ప మరో చిరునామాకు స్పందించదు, టైపు చేసి ఇవ్వడానికి అందులో ఏమీ ఉండదు. ఒకే ఫోన్‌ను ఇంటిల్లిపాదీ వాడేచోట మాత్రం ఒక జాగ్రత్త అవసరం. ఆ ఫోన్‌లో ఎవరెవరి వేలిముద్రలు నమోదై ఉన్నాయో, స్క్రీన్ లాక్ ఎవరెవరికి తెలుసో, పాస్‌కీ వారందరి చేతుల్లో ఉన్నట్టే.

‘యూసీ జనరేటర్’, ‘అన్‌లిమిటెడ్ డైమండ్స్’ అనే యాప్‌ల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. యూసీ లెక్క ఆటగాడి ఫోన్‌లో ఉండదు, కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. ఫోన్‌లో నడిచే ఏ యాప్ అయినా తెర మీద అంకెను మార్చి చూపగలదేమో గానీ సర్వర్‌లోని లెక్కను మార్చలేదు. మరి ఆ యాప్ ఎందుకు ఉన్నట్టు? ఎక్కించుకునేటప్పుడు అది అడిగే అనుమతుల్లో జవాబు దొరుకుతుంది: ఎస్ఎంఎస్‌లు చదవడం, తెర మీద ఉన్నది చదవగల యాక్సెసిబిలిటీ సేవలను వాడుకోవడం. పీఎం కిసాన్ పేరుతో, పెళ్లి శుభలేఖల పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకే ఫైళ్ల గురించి పోలీసులు హెచ్చరిస్తున్నది కూడా ఇలాంటి అనుమతుల గురించే. రొయ్యల మేత డబ్బులు, కౌలు డబ్బులు, కూలీల చెల్లింపులు జరిగే ఫోన్‌లోనే పిల్లవాడు ఆ యాప్‌ను ఎక్కిస్తే, డైమండ్ల కోసం తెరిచిన దారిలో ఇంటి బ్యాంకు ఓటీపీలు బయటికి పోతాయి. తండ్రి లావాదేవీల ఫోన్‌నూ పిల్లల ఆటల ఫోన్‌నూ వేరు చేయగలిగిన ఇళ్లు ముందు ఆ పని చేయాలి. మిగతా జాగ్రత్తలన్నీ దాని తరువాతే.

వస్తువులు చేతులు మారే ఆటలు

బీజీఎంఐలో ఒకసారి ఖాతాకు చేరిన స్కిన్‌ను మరొక ఆటగాడికి బదలాయించే వీలుండదు కాబట్టి దొంగకు మొత్తం ఐడీ కావాలి. భీమవరం, కాకినాడ వంటి చోట్ల ఇంజినీరింగ్ విద్యార్థులు హాస్టల్ గదుల్లో కంప్యూటర్ మీద ఆడే కౌంటర్-స్ట్రైక్ 2 సంగతి వేరు. అక్కడ కంప్యూటర్ ఆటల వేదిక అయిన స్టీమ్ ఖాతాలోని వస్తువులు ట్రేడ్ (మార్పిడి) ద్వారా చేతులు మారతాయి, దొంగకు కొన్ని నిమిషాల ప్రవేశం చాలు. నెలకు సుమారు 77,000 ఖాతాలను దొంగలు స్వాధీనం చేసుకుని వస్తువులు ఊడ్చుకుపోతున్నారని స్టీమ్‌ను నడిపే వాల్వ్ సంస్థే 2015 డిసెంబరులో ప్రకటించింది. పోయిన వస్తువులకు నకళ్లు సృష్టించి ఇస్తే మార్కెట్లో వాటి విలువ పడిపోతుందన్న ఇబ్బందినీ అప్పుడే వివరించింది. మొబైల్ ఆథెంటికేటర్ (ఫోన్‌లో ఆమోదం అడిగే సదుపాయం) లేని ఖాతా నుంచి జరిగే ట్రేడ్‌లను 15 రోజుల పాటు నిలిపి ఉంచడం ఆ ఆలోచన నుంచే వచ్చింది. 2025 జూలైలో కౌంటర్-స్ట్రైక్ 2 వస్తువులకు మరో రక్షణ చేరింది: ట్రేడ్ జరిగిన 7 రోజుల దాకా దాన్ని వెనక్కి తిప్పుకునే వీలు కల్పించారు. ఆ వారంలో తన ఖాతాను గమనించుకోని ఆటగాడికి మాత్రం ఆ రక్షణ ఉన్నా లేనట్టే.

స్టీమ్‌లో ఎక్కువ మందికి అర్థం కాని మోసం ఏపీఐ కీ (ఖాతాలోని ట్రేడ్‌లను బయటి ప్రోగ్రాముకు అందించే కోడ్) చుట్టూ జరుగుతుంది. ఏదో టోర్నమెంటుకు ఓటు వేయమనో, జట్టులో చేరమనో పంపిన లింకులో లాగిన్ అయిన తరువాత వెంటనే ఏమీ పోదు. దొంగ నిశ్శబ్దంగా ఆ ఖాతా పేరున ఒక కీ సృష్టించుకుని కాచుకుని ఉంటాడు. ఆటగాడు కొన్ని వారాల తరువాత నిజమైన స్నేహితుడికి ట్రేడ్ పంపినప్పుడు, ఆ ట్రేడ్‌ను రద్దు చేసి, అదే పేరు, అదే ఫొటో పెట్టుకున్న ప్రోగ్రాముతో నడిచే తన బాట్ ఖాతాకు మరో ట్రేడ్ పెడతాడు. ఆటగాడు తన ఫోన్‌లో ఆథెంటికేటర్ తెరిచి, పేరు చూసి, తానే ఆమోదిస్తాడు. పేరునూ ఫొటోనూ మాత్రమే చూసి ఆమోదించడం వల్ల నష్టం జరుగుతుంది. ఎదుటి ఖాతా లెవెల్, అది స్టీమ్‌లో చేరిన తేదీ స్నేహితుడివేనా అని సరిచూడాలి. అసలు వాడని ఏపీఐ కీ ఏదైనా సెట్టింగుల్లో కనిపిస్తే రద్దుచేయాలి, ఆపైన పాస్‌వర్డ్ మార్చి అన్ని పరికరాల నుంచి లాగౌట్ కావాలి. ‘బ్రో, పొరపాటున నీ ఖాతా మీద రిపోర్ట్ కొట్టాను, ఈ అడ్మిన్‌తో మాట్లాడు’ అని ఆటగాళ్లు మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్‌లో వచ్చే సందేశం కూడా ఈ కుటుంబానిదే. స్టీమ్ సిబ్బంది డిస్కార్డ్‌లో ఎవరితోనూ మాట్లాడరు. అక్కడే ‘వెరిఫికేషన్ కోసం ఈ క్యూఆర్ స్కాన్ చేయి’ అంటే, ఆ క్యూఆర్ లాగిన్‌కు సంబంధించినదైతే స్కాన్ చేసి ఆమోదించినవారి డిస్కార్డ్ ఖాతా పాస్‌వర్డ్ అడగకుండానే ఎదుటివారి కంప్యూటరులో తెరుచుకుంటుంది.

ఐడీ కొనడం, చవక యూసీ

ఐడీలను యూపీఐ డబ్బుకు కొనడం, అమ్మడం ఆటల కంపెనీల నిబంధనలకు విరుద్ధం. అయినా అది జరుగుతూనే ఉంది. నిబంధన సంగతి అలా ఉంచితే, కొన్నవారికి అసలు ప్రమాదం మెయిల్‌లో ఉంది. అమ్మినవాడు ఐడీని మొదట తెరిచిన మెయిల్‌ను తన దగ్గరే ఉంచుకుంటే, నెల తరువాత కంపెనీ సపోర్టుకు రాసి, పాత కొనుగోళ్ల రసీదులు చూపి, తన ఐడీ పోయిందని ఫిర్యాదు చేయగలడు. ప్లే స్టోర్ రసీదు మీద ‘జీపీఏ’ అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నెంబరు ఉంటుంది. ఐడీ ఎవరిదన్న వివాదంలో కంపెనీలు అడిగే ఆధారాల్లో అది ముఖ్యమైనది. కొన్నవాడి దగ్గర ఆ రసీదులు ఉండవు, డబ్బు ఇచ్చిన స్క్రీన్‌షాట్ చూపితే తానే నిబంధన ఉల్లంఘించినట్టు ఒప్పుకున్నట్టవుతుంది. మధ్యవర్తిగా ఉంటానని వచ్చే ‘ట్రస్టెడ్’ వ్యక్తి కూడా చాలాసార్లు అమ్మేవాడి మనిషే. కొనకపోవడం తప్ప ఇందులో సురక్షితమైన పద్ధతి లేదు.

ధర తక్కువని ఆశచూపి యూసీ వేస్తామనేవారిని గుర్తుపట్టడం తేలిక. టాప్-అప్ చేయడానికి, అంటే యూసీ వేయడానికి, ఆటగాడి క్యారెక్టర్ ఐడీ నెంబరు చాలు. ఆ నెంబరు ప్రొఫైల్‌లో అందరికీ కనిపించేదే. పాస్‌వర్డ్ అడిగినవాడు టాప్-అప్ చేయడానికి అడగడం లేదు. పాస్‌వర్డ్ అడగకుండా నిజంగానే యూసీ వేసేవారిలో కూడా దొంగ కార్డులతో కొని, తరువాత రీఫండ్ కోరి ఆ డబ్బును వెనక్కి లాగేవారు ఉంటారు. అప్పుడు శిక్ష పడేది యూసీ అందుకున్న ఐడీకి.

ఐడీ పోయిన తొలి గంటలు

ఐడీ పోయిందని తెలిసిన క్షణాన పిల్లవాడు చేసే మొదటి పని దాచడం. ఫోన్ లాక్కుంటారన్న భయం, ‘చదువు మానేసి ఆటలేమిటి’ అన్న తిట్ల భయం, లింకు నొక్కినది తానేనన్న సిగ్గు కలిసి ఒకటి రెండు రోజులు గడిచిపోతాయి. దొంగకు కావలసింది సరిగ్గా ఆ రెండు రోజులే. ఇంట్లో పెద్దలు ముందుగానే, ఏ గొడవా లేని రోజున, ఇలాంటిది జరిగితే వెంటనే చెప్పమనీ, చెప్పినందుకు ఫోన్ లాక్కోబోమనీ మాట ఇచ్చి ఉంచడం ఏ సాఫ్ట్‌వేర్ కంటే తక్కువ రక్షణ కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వల్ల ఆటలన్నీ నేరమేనని భయపడి ఫిర్యాదుకు వెనుకాడేవారికి ఒక వివరణ అవసరం. ఆ చట్టం నిషేధించింది, డబ్బు గెలుస్తామన్న ఆశతో డబ్బు పెట్టి ఆడే ఆటలను. ఆంధ్రప్రదేశ్ 2020లో తన గేమింగ్ చట్టాన్ని సవరించి అడ్డుకున్నవి కూడా ఆన్‌లైన్ జూదం, పందేలే. స్కిన్ కొనుక్కుని ఆడుకునే కుర్రాడు ఆ చట్టాల కింద నేరస్థుడు కాడు, ఇక్కడ అతడు బాధితుడు.

పనుల క్రమంలో మెయిల్ మొదట రావాలి. గూగుల్ ఖాతా రికవరీ ఫోన్‌ను లేదా మెయిల్‌ను దొంగ మార్చేసినా, మార్చిన 7 రోజుల దాకా పాత నెంబరుకే కోడ్ పంపే అవకాశాన్ని గూగుల్ ఇవ్వగలదు; ఆలస్యం ఎందుకు ఖరీదైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. రోజూ వాడే ఫోన్ నుంచి, రోజూ వాడే ఇంటి నెట్ నుంచి ప్రయత్నిస్తే గుర్తింపు తేలికవుతుంది కాబట్టి, కంగారులో నెట్ సెంటరుకు పరుగెత్తడం వల్ల పని చెడుతుంది. మెయిల్ చేతికి వచ్చాక అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేసి, మెయిల్‌లో వచ్చే మెయిళ్లను తనకు మళ్లించే ఫార్వర్డింగ్ నియమం ఏదైనా దొంగ పెట్టాడేమో చూడాలి. ఫేస్‌బుక్ పోయినట్లయితే ‘ఫేస్‌బుక్ డాట్ కామ్’ తరువాత గీత పెట్టి ‘హ్యాక్డ్’ అన్న ఇంగ్లిష్ మాట చేర్చితే వచ్చే పేజీయే దారి. పాత మెయిల్‌కు వచ్చే ‘మీ మెయిల్ మార్చారు’ అన్న హెచ్చరికలో కూడా మార్పును తిప్పికొట్టే లింకు ఉంటుంది. ఆ తరువాతే ఆట కంపెనీకి రాయాలి. క్యారెక్టర్ ఐడీ, పాత పేర్లు, ఐడీ తెరిచిన కాలం, జీపీఏ ఆర్డర్ నెంబర్లు, చివరిసారి ఆడిన ఫోన్ మోడల్ ఒకే మెయిల్‌లో ఉండాలి. ఆవేదనను వివరించే పేరాలకంటే ఈ అయిదు వివరాలు పని చేస్తాయి. ‘ఐడీ తిరిగి తెప్పిస్తాం, ముందు కొంత పంపండి’ అంటూ ఈ దశలో ఇన్‌స్టాగ్రామ్‌లో ఎదురయ్యే రికవరీ నిపుణులు రెండో దోపిడీకి వచ్చినవారు.

డబ్బు కూడా పోయినట్లయితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం అన్నిటికంటే ముందు జరగాలి. ఆ డబ్బు ఖాతాల మధ్య కదులుతుండగానే నిలిపే ప్రయత్నం అక్కడి నుంచే మొదలవుతుంది. బ్యాంకుకు కూడా అదే రోజు రాతపూర్వకంగా తెలపాలి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై నాటి ఉత్తర్వు ప్రకారం, వినియోగదారు తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లో తెలిపితే వినియోగదారుకు బాధ్యత ఉండదు. ఓటీపీని తామే ఇచ్చిన సందర్భంలో, తెలిపేదాకా జరిగిన నష్టం వినియోగదారుదే, తెలిపిన తరువాత జరిగేది బ్యాంకుది. కాబట్టి తమ పొరపాటు ఉన్నప్పుడు ఇంకా తొందరగా తెలపాలి. పిల్లవాడి చేతుల మీదుగా ప్లే స్టోర్‌లో పొరపాటున కొనుగోలు జరిగితే 48 గంటల్లోపు గూగుల్‌కే రీఫండ్ కోరవచ్చు.

ఫిర్యాదును సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఇంటి నుంచే పెట్టవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా దగ్గరలోని పోలీస్ స్టేషన్‌లో సమాచారం ఇవ్వవచ్చు. రాజోలువారు అమలాపురమో కాకినాడో వెళ్లి తీరాలని లేదు. ‘గేమ్ హ్యాక్ అయింది’ అని ఒక వాక్యం రాసి ఊరుకుంటే స్టేషన్‌లో దాన్ని ఏ నేరంగా చూడాలో అర్థం కాదు. తన పాస్‌వర్డ్‌ను మరొకరు మోసపూరితంగా వాడారని రాస్తే అది ఐటీ చట్టం 66సీ కిందకు, మరొకరి పేరుతో నటించి కంప్యూటర్ ద్వారా మోసగించారని రాస్తే 66డీ కిందకు వస్తుంది. రెంటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. స్కిన్ విలువ ఎంతన్న చర్చలోకి పోకుండానే ఈ సెక్షన్లు నిలబడతాయి. లింకు వచ్చిన సందేశం, పంపిన నెంబరు, నకిలీ పేజీ పూర్తి చిరునామా కనిపించే స్క్రీన్‌షాట్, యూపీఐ లావాదేవీ నెంబరు జతచేసి, పోర్టల్ ఇచ్చే ఫిర్యాదు నెంబరును ఆట కంపెనీకి రాసే తదుపరి మెయిల్‌లో పేర్కొనాలి. ఆ సందేశం వచ్చిన గ్రూపు నుంచి కోపంతో బయటికి వచ్చేయడం, చాట్‌ను చెరిపేయడం మాత్రం ఫిర్యాదు నమోదయ్యేదాకా ఆపుకోవాలి. పంపిన నెంబరు, సమయం దొరికేది అక్కడే.